మీకు తెలుసా? పెద్దవాళ్ల మందుల సంచిని మొత్తంగా చూడమని నిబంధనలే చెబుతున్నాయి!

తార్నాక దాటి ఉప్పల్ వైపు వస్తుంటే దారి పొడవునా మందులతో సంబంధమున్న చిరునామాలే. 1944లో మొదలై ఇప్పుడు ఐఐసీటీగా పిలుచుకుంటున్న రసాయన పరిశోధన సంస్థ, ఆ దగ్గర్లోనే మన జన్యువులను చదివే సీసీఎంబీ, హబ్సిగూడ చౌరస్తాలో ఎడమకు తిరిగితే నాచారం పారిశ్రామికవాడ. ఎయిడ్స్ రోగులకు ఇచ్చే ఏజెడ్‌టీ మందును మన దేశంలో తక్కువ ఖర్చుతో తయారుచేసే పద్ధతి ఐఐసీటీలో ఏవీ రామారావు గారి సారథ్యంలోనే రూపుదిద్దుకుని సిప్లా కంపెనీకి అందింది. పదవీ విరమణ తర్వాత 1995లో ఆయన స్థాపించిన ఆవ్రా ల్యాబొరేటరీస్ కూడా ఈ చుట్టుపక్కలదే.

ఇన్ని మందులను కనిపెట్టే, తయారుచేసే ఈ ప్రాంతంలో ఒక పని మాత్రం చాలా అరుదుగా జరుగుతుంది. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి రోజూ వేసుకునే గోలీలన్నీ ఒకచోట పోసి, ఏది ఎందుకు, ఇంకా ఎన్నాళ్లు, దేనితో కలిస్తే ఏమవుతుంది అని ఒక మనిషి కూర్చుని చూడటం. గుండె డాక్టరు గుండె మందులు చూస్తారు. షుగర్ డాక్టరు షుగర్ మందులు చూస్తారు. మోకాళ్ల డాక్టరు నొప్పి గోలీ రాస్తారు. ఇంటికి వచ్చేసరికి అవన్నీ ఒకే సంచిలో పడతాయి, ఒకే కడుపులోకి వెళ్తాయి. అయిదుగురు వంటవాళ్లు ఎవరికి వారు ఉప్పు వేసిన కూర లాంటి పరిస్థితి ఇది. ఆ సంచిని మొత్తంగా చూసే పనినే మెడికేషన్ రివ్యూ అంటారు. మందుల సమీక్ష అనుకుందాం. ప్రపంచంలో చాలాచోట్ల ఇది ఫార్మసిస్టు పని.

◆ అయిదు మందులకు 10 జతలు, పది మందులకు 45

ఒక మనిషి అయిదు లేదా అంతకంటే ఎక్కువ మందులు రోజూ వాడుతుంటే దాన్ని పాలీఫార్మసీ అంటారు. అయిదు మందుల్లో ఏ రెండింటిని తీసుకున్నా ఒక జత. అలా లెక్కేస్తే 10 జతలు వస్తాయి. మందులు పదికి పెరిగితే జతలు 45 అవుతాయి. మందులు రెట్టింపైతే జతలు నాలుగున్నర రెట్లన్నమాట. ప్రతి జతా ప్రమాదం కాదు, చాలావాటితో ఏ ఇబ్బందీ ఉండదు. కానీ ఆ 45లో ఏది ఇబ్బందో తెలియాలంటే ఎవరో ఒకరు 45నీ చూడాలి కదా.

◆ ఒకే మందు, రెండు పేర్లు, రెండు డోసులు

ఉప్పల్, నాచారం, రామంతపూర్, మల్లాపూర్ కాలనీల్లో పెద్దవాళ్లకు మందులు వచ్చే దారులు చాలా ఉన్నాయి. రైల్వేలో పనిచేసి రిటైరైనవారు లాలాగూడ రైల్వే ఆస్పత్రి నుంచి తెచ్చుకుంటారు. ఫ్యాక్టరీల్లో చేసినవారు నాచారం ఈఎస్ఐ ఆస్పత్రికి వెళ్తారు. బస్తీ దవాఖానాలో బీపీ, షుగర్ గోలీలు ఉచితంగా ఇస్తారు. మధ్యలో ఒంట్లో బాగోలేకపోతే ప్రైవేటు డాక్టరు, ఇంటికి దగ్గరి మెడికల్ షాపు. వీటిలో తప్పేమీ లేదు. చిక్కల్లా ఒక చోట ఇచ్చిన పేరు ఇంకో చోట ఉండకపోవడం.

టెల్మా అన్నా, టెల్మికైండ్ అన్నా లోపల ఉన్నది టెల్మిసార్టాన్ అనే బీపీ మందే. పాన్ అన్నా, పాంటోసిడ్ అన్నా పాంటోప్రజోలే. షుగర్‌కు ఇచ్చే గ్లైకోమెట్ జీపీలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కూడా ఉంటుంది. అమరిల్ అంటే గ్లిమెపిరైడ్. ఈ రెండూ ఇద్దరు డాక్టర్ల చీటీల్లో ఉండి, ఒక చీటీ సంగతి ఇంకొకరికి తెలియకపోతే, ఆ ఇంట్లో పెద్దాయనకు గ్లిమెపిరైడ్ రెండుసార్లు పడుతుంది. ఆయన ఒక పూట అన్నం ఆలస్యం చేస్తే చాలు, చెమటలు పట్టి, వణుకు వచ్చి, తూలి పడిపోతారు. ఇంట్లోవాళ్లు బీపీ అనుకుంటారు, గ్యాస్ అనుకుంటారు. రక్తంలో చక్కెర పడిపోయిందన్న ఆలోచన చివరికి వస్తుంది.

జ్వరానికి డోలో, ఒళ్లు నొప్పులకు కాంబిఫ్లామ్, జలుబుకు ఇంకేదో గోలీ. ఈ మూడింట్లోనూ పారాసిటమాల్ ఉండవచ్చు. మన మార్కెట్లో రెండు మూడు మందులు కలిపిన గోలీలు ఎంత విచ్చలవిడిగా ఉన్నాయంటే, కేంద్ర ప్రభుత్వం 2016 మార్చిలో ఒకేసారి 344 కలయికలను నిషేధించాల్సి వచ్చింది. 2024 ఆగస్టులో మరో 156 నిషేధించింది. మందు అసలు పేరును స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయమని డాక్టర్లకు 2016లోనే అప్పటి భారత వైద్య మండలి చెప్పింది. ఆ పేరు అట్ట మీద చిన్న అక్షరాల్లోనైనా ఉంటుంది. ఇంట్లో చూపు బాగున్న మనవడో మనవరాలో ఒక పూట కూర్చుని, అట్టల మీది అసలు పేర్లన్నీ ఒక కాగితం మీద రాస్తే సగం సమస్య అక్కడే బయటపడుతుంది.

◆ ఫార్మసిస్టు చీటీని పరిశీలించాలన్నది 2015 నుంచీ నిబంధనే

ఈ విషయం చాలామందికి తెలియదు. మందుల షాపులో పనిచేసేవారిలో కొందరికీ తెలియదనిపిస్తుంది.

మన దేశంలో ఫార్మసీ చట్టం 1948లో వచ్చింది. దాని కింద భారత ఫార్మసీ కౌన్సిల్ 2015 జనవరిలో ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు తెచ్చింది. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు తన దగ్గరకొచ్చిన ప్రతి చీటీనీ, రోగి పాత రికార్డునూ పరిశీలించి కొన్ని విషయాలు పట్టుకోవాలని వాటిలో ఉంది. మందు అవసరానికి మించి వాడుతున్నారా, తక్కువ వాడుతున్నారా. ఒకే పని చేసే మందులు రెండు ఉన్నాయా. ఒక మందు ఇంకో మందుతో, లేదా రోగికి ఉన్న జబ్బుతో గొడవ పడుతుందా. డోసు సరైనదేనా, ఎన్నాళ్లు వాడాలో సరిగ్గా ఉందా. ఏ మందైనా ఆ మనిషికి పడదా. ఆ తర్వాత ఫార్మసిస్టే స్వయంగా రోగితోనో, వెంట వచ్చినవారితోనో మాట్లాడాలి. మందు దేనికి, ఎలా వేసుకోవాలి, ఎక్కడ పెట్టుకోవాలి, ఏ ఇబ్బందులు రావచ్చు, ఒక పూట మర్చిపోతే ఏం చేయాలి, ఇవన్నీ చెప్పాలి. తెల్లకోటు, పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న బ్యాడ్జీ వేసుకోవాలని కూడా అదే నిబంధనల్లో ఉంది.

ఇక ఉప్పల్ చౌరస్తాలో సాయంత్రం ఏడింటికి ఏ మెడికల్ షాపు ముందైనా నిలబడి చూడండి. కౌంటర్ మీద అయిదారు చేతులు, అయిదారు ఫోన్లలో వాట్సాప్ చీటీలు. లోపల ఇద్దరు కుర్రాళ్లు డబ్బాలు తీసి, కత్తెరతో అట్టలు కోసి, కవర్లో వేసి ఇస్తుంటారు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అన్న మాట తప్ప ఇంకో మాటకు సమయం లేదు. గోడ మీద సర్టిఫికెట్ ఉంటుంది, ఆ సర్టిఫికెట్‌లోని మనిషి ఆ పూట అక్కడ ఉన్నారో లేరో చెప్పలేం. ఆ కుర్రాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అమ్మిన అట్ట మీదే తప్ప చెప్పిన మాట మీద ఒక్క రూపాయి రాని వ్యాపారంలో మాట మొదట తగ్గిపోతుంది. మాటకు విలువ కట్టే ఏర్పాటు చేయకుండా నిబంధన ఒక్కటే రాస్తే అది గోడ మీది సర్టిఫికెట్ లాగే ఉండిపోతుంది. ఈ లోపం సరిచేయాల్సింది ప్రభుత్వం, ఆరోగ్య బీమా నడిపేవారు.

చదువుకున్నవారు లేరా అంటే ఉన్నారు. 2008లో మన దేశంలో ఫార్మ్‌డీ కోర్సు మొదలైంది. అయిదేళ్ల చదువు, ఒక ఏడాది ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్, మొత్తం ఆరేళ్లు. వార్డుల్లో తిరిగి, కేస్ షీట్లు చదివి, మందుల మధ్య గొడవలు పట్టుకోవడమే వీరి చదువులో ముఖ్యభాగం. తెలుగు రాష్ట్రాల్లో ఈ కోర్సు ఉన్న కాలేజీలు చాలా ఉన్నాయి. అనంతపురం రైపర్ కాలేజీ విద్యార్థులు బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రి వార్డుల్లో నేర్చుకుంటారు. మనకు దగ్గర్లో, ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని వెళ్తే ఘట్‌కేసర్ వైపే ఫార్మసీ కాలేజీలు వరసగా కనిపిస్తాయి. ఇలా తయారైన పిల్లల్లో చాలామంది చివరికి మందుల కంపెనీల్లో, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మందుల దుష్ప్రభావాల నివేదికలు కంప్యూటర్‌లో ఎక్కించే ఉద్యోగాలకు వెళ్లిపోతున్నారు. అమెరికా రోగికి ఏ మందు పడలేదో హైదరాబాద్‌లో కూర్చుని నమోదు చేసే పిల్ల, తన కాలనీలో ఉన్న పెద్దమ్మ సంచిని చూసే అవకాశం లేకుండా పోవడం నాకు బాధ కలిగించే విషయం. పెద్ద ఆస్పత్రుల్లో పడక మీద ఉన్నన్నాళ్లు క్లినికల్ ఫార్మసిస్టు ఒకరు చీటీ చూస్తున్నారు. డిశ్చార్జి అయి ఇంటికొచ్చాకే ఎవరూ లేరు. అసలు ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ వారంలోనే. పాత గోలీలు ఇంట్లో ఉంటాయి, కొత్తవి చేతిలో ఉంటాయి, ఏవి ఆపాలో స్పష్టంగా చెప్పినవారుండరు.

◆ ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు

కెనడా, అమెరికా వైద్యులు పౌలా రోషన్, జెర్రీ గుర్విట్జ్ 1990లలో ఇలా మందు మీద మందు చేరడానికి ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్ అని పేరు పెట్టారు. మన ఇళ్లలో తరచుగా కనిపించేదే.

బీపీకి అమ్లోడిపిన్ వేసుకునేవారిలో కొందరికి కాళ్లు, చీలమండలు వాస్తాయి. వాపు చూసి నీరు పట్టిందనుకుని నీళ్ల గోలీ రాస్తారు. దాంతో రాత్రి నాలుగుసార్లు బాత్రూమ్‌కు లేవాలి, పిక్కలు పట్టేస్తాయి. పిక్కలకు ఒక గోలీ, నిద్రకు ఒక గోలీ. ఆ నిద్రమత్తులో లేచి బాత్రూమ్‌కు వెళ్తూ పడితే తుంటి విరుగుతుంది. మొదట్లోనే అమ్లోడిపిన్ మార్చి ఉంటే, లేదా డోసు తగ్గించి ఉంటే, మిగతా వరుస అంతా మొదలయ్యేదే కాదు.

రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడేవారిలో కొందరికి పొడిదగ్గు వస్తుంది. దానికి సిరప్ మీద సిరప్ తాగుతారు. తల తిరుగుడుకు సిన్నరిజిన్ నెలల తరబడి వాడితే ముసలివారిలో చేతులు వణకడం, నడక మందగించడం రావచ్చు. దాన్ని పార్కిన్సన్స్ జబ్బనుకుని ఆ మందులు మొదలుపెట్టిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

వరంగల్, జనగామ, భువనగిరి నుంచి బస్సులు వచ్చేది ఉప్పల్‌కే. ఊళ్ల నుంచి పెద్దవాళ్లు చూపించుకోవడానికి ఇక్కడ దిగుతారు. కొందరి సంచుల్లో పేరు లేని గోలీల పొట్లం ఉంటుంది, మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఇచ్చింది. అలాంటి పొట్లాల్లో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. నొప్పి మాయమైనట్టే ఉంటుంది, షుగర్, బీపీ పెరుగుతాయి. ఇక్కడి డాక్టరు ఆ పెరుగుదల చూసి మందుల డోసు పెంచుతారు. పొట్లం సంగతి ఆయనకు ఎవరూ చెప్పరు. దయచేసి ఆ పొట్లాన్ని దాచకండి, అదే మొదట చూపించండి.

◆ వయసుతో పాటు పెరిగే గంటలు

నిద్రకు, ఆందోళనకు ఇచ్చే డయజిపామ్ సగం తగ్గడానికి ఇరవై ఏళ్ల కుర్రాడిలో సుమారు 20 గంటలు పడితే, ఎనభై ఏళ్ల మనిషిలో సుమారు 90 గంటలు పడుతుందని 1970లలోనే తేలింది. రోజూ ఒకటి వేసుకుంటే నిన్నటిది, మొన్నటిది ఒంట్లోనే ఉండగా నేటిది చేరుతుంది. వయసుతో పాటు ఒంట్లో నీరు తగ్గి కొవ్వు పాలు పెరుగుతుంది, కిడ్నీల వడపోత నెమ్మదిస్తుంది. ఇంకో మెలిక కూడా ఉంది. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే పదార్థం. కండ కరిగిపోయిన ముసలివారిలో కిడ్నీ బలహీనపడినా క్రియాటినిన్ అంకె మామూలుగానే కనిపించవచ్చు. అందుకే వయసు, బరువు కలిపి లెక్కగట్టి డోసు చూడాలంటారు. ఆ లెక్క ఫార్మసిస్టుకు రెండు నిమిషాల పని.

◆ మన భీమవరం శాస్త్రవేత్త మందు వారానికి ఒక్కసారే

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల నుంచి వచ్చిన గొప్ప మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. మొదట క్యాన్సర్ కోసం వచ్చిన ఈ మందును ఇప్పుడు కీళ్లవాతానికి చిన్న డోసులో విరివిగా వాడుతున్నారు. కీళ్లవాతానికి దీన్ని వారంలో ఒకే ఒక్క రోజు వేసుకోవాలి. మిగతా గోలీల అలవాటులో పడి రోజూ వేసుకుంటే నోటి పుండ్లు, రక్తకణాలు పడిపోవడం, చివరికి ప్రాణం పోవడం దాకా వెళ్తుంది. ఇలాంటి మరణాలు ఎన్నో దేశాల్లో నమోదయ్యాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ మందు ఉంటే అట్ట మీద వారం పేరు స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసిపెట్టండి. రోజువారీ గోలీల డబ్బాలో కలపకండి.

◆ థైరాయిడ్ గోలీ, ఫిల్టర్ కాఫీ

థైరాక్సిన్ పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాతే. కాల్షియం, ఐరన్ గోలీలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మూడూ కలిపి ఒకే గుక్కలో మింగి, థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ తగ్గడం లేదని డోసు పెంచుకుంటూ పోయేవారు చాలామంది ఉన్నారు. ఇక్కడ మార్చాల్సింది డోసు కాదు, వేళ.

◆ మే నెల ఎండలో మూడు గోలీలు

టెల్మిసార్టాన్ లేదా రామిప్రిల్ వంటి బీపీ మందు, నీళ్ల గోలీ, డైక్లోఫెనాక్ లేదా ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి గోలీ. ఈ మూడూ ఒకేసారి పడితే కిడ్నీలకు మూడు వైపుల నుంచి దెబ్బ. మొదటి రెండూ బీపీకీ, గుండెకూ అవసరమైనవే కావచ్చు. మూడోది మాత్రం చాలాసార్లు చీటీ లేకుండా షాపులో అడిగి కొనుక్కున్నది. ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు, వాంతులు విరేచనాలైనప్పుడు ఒంట్లో నీరు తగ్గి ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మోకాళ్ల నొప్పులు వస్తే ఏం వాడవచ్చో అడిగి తెలుసుకోండి, పాత అట్ట చూపించి అదే కొనకండి.

ఎండ మాటెత్తాం కాబట్టి ఇన్సులిన్ సంగతి కూడా. తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. వాడుతున్నది గది వేడిలో ఉంచవచ్చు, చాలా రకాలకు గడువు దాదాపు 28 రోజులు. కానీ ఇక్కడ గది వేడి అంటే 25, 30 డిగ్రీలు. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం కాదు. ఫ్రిజ్ లేని ఇళ్లలో చల్లటి మట్టి కుండ కొంత సాయం చేస్తుంది. షుగర్ అకస్మాత్తుగా అదుపు తప్పితే కొత్త మందు రాయించుకునే ముందు ఆ సీసా ఎక్కడ ఉంటోందో చూడాలి.

◆ మత్తు ఇచ్చే ముందు చెప్పాల్సిన ఇంటి సంగతి

ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. మామూలుగా దాని ప్రభావం నిమిషాల్లో పోతుంది. దాన్ని కరిగించే ఎంజైమ్ పుట్టుకతో తక్కువగా ఉన్నవారు గంటల తరబడి ఊపిరి తీసుకోలేరు. ఈ లోపం తెలుగునాట వైశ్య సమాజంలో మిగతావారికంటే చాలా ఎక్కువగా కనిపిస్తుంది. అనేక తరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహాల్లో ఇలాంటి జన్యుమార్పులు ఎలా పేరుకుంటాయో సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్ బృందం, అమెరికా పరిశోధకులతో కలిసి 2017లో ప్రచురించింది. అంటే మీ ఇంట్లో తాతకో, మేనత్తకో ఆపరేషన్ తర్వాత మెలకువ ఆలస్యమైన జ్ఞాపకం ఉంటే అది మందుల చరిత్రలో భాగం. పడని మందుల జాబితాలో దాన్నీ రాయాలి.

◆ వంటింట్లోవీ లెక్కలోకి వస్తాయి

అతిమధురం రోజూ ఎక్కువగా నమిలితే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. సోడియం తక్కువగా ఉన్న ఉప్పులో పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ వాడేవారికి, కిడ్నీ జబ్బున్నవారికి అది పనికిరాకపోవచ్చు. కొబ్బరినీళ్లతోనూ అంతే. అసిట్రోమ్ వంటి రక్తం పలచనచేసే గోలీ వాడేవారు పాలకూర, తోటకూర మానేయాల్సిన పనిలేదు. రోజూ దాదాపు ఒకే మోతాదులో తినాలి, ఒక వారం అసలు లేకుండా, ఇంకో వారం మూడు పూటలా తింటేనే ఇబ్బంది. షుగర్ గోలీలతో పాటు కాకరకాయ రసం తాగేవారు ఆ సంగతీ చెప్పాలి. ఆయుర్వేదం, హోమియో, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పొడులు, అన్నీ సంచిలోకి రావాలి.

◆ మిగతా ప్రపంచం ఏం చేస్తోంది?

వయసు పైబడినవారికి ఇవ్వకపోవడం మేలనిపించే మందుల జాబితాను అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ 1991లో మొదటిసారి తయారుచేశారు. దాన్ని ఇప్పటికీ సవరిస్తూనే ఉన్నారు, 2023లోనూ సవరించారు. 2008లో ఐర్లండ్ వైద్యులు స్టాప్, స్టార్ట్ అని జంట జాబితాలు తెచ్చారు. ఆపాల్సినవి ఒకదాంట్లో, ఇవ్వాల్సి ఉండీ ఇవ్వకుండా వదిలేసినవి ఇంకోదాంట్లో. ఈ రెండోది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. మందుల సమీక్ష అంటే గోలీలు పీకేయడమే అనుకుంటారు. గుండెపోటు వచ్చి కోలుకున్న మనిషి చీటీలో స్టాటిన్ లేదని పట్టుకోవడం, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడుతున్న అవ్వకు ఎముకల రక్షణ ఏదీ లేదని పట్టుకోవడం కూడా సమీక్షే.

ఆస్ట్రేలియాలో 2001 నుంచి ఫార్మసిస్టు రోగి ఇంటికే వచ్చి మందులు చూసే పథకం ఉంది, ఫీజు ప్రభుత్వం ఇస్తుంది. ఇంగ్లండ్‌లో 2005 నుంచి 2021 దాకా మందుల షాపుల్లో ఇలాంటి సేవ నడిచింది, ఆ తర్వాత దాన్ని డాక్టర్ల క్లినిక్‌లలో పనిచేసే ఫార్మసిస్టులకు ఇంకా లోతైన సమీక్షగా అప్పగించారు. జపాన్‌లో చాలామంది దగ్గర మందుల పుస్తకం ఉంటుంది. ఏ ఆస్పత్రికి వెళ్లినా, ఏ షాపులో కొన్నా అందులో నమోదు చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల కలిగే హానిని తగ్గించే ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, ముందుగా దృష్టి పెట్టాల్సిన మూడింటిలో పాలీఫార్మసీని ఒకటిగా చేర్చింది.

◆ కత్తెర వేసిన అట్ట

పది గోలీల అట్టలో నాలుగు కోసి ఇస్తే గడువు తేదీ, బ్యాచ్ నంబరు తరచూ షాపులోనే ఉండిపోతాయి. వీలైతే పూర్తి అట్ట కొనండి, కోయించుకుంటే తేదీ ఉన్న వైపు అడిగి తీసుకోండి. 2023 ఆగస్టు నుంచి 300 పేరున్న బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. ఫోన్‌తో స్కాన్ చేస్తే అసలు పేరు, తయారీదారు, గడువు కనిపిస్తాయి. ఇక పేరు చివర ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఎల్ అని ఉన్న గోలీలను పొడి చేసి మింగకూడదు. రోజంతా నెమ్మదిగా విడుదల కావాల్సిన మందు ఒకేసారి ఒంట్లో పడుతుంది.

◆ నాచారం ఈఎస్ఐ, ఏడాదికి 120 రూపాయలు

ఈఎస్ఐ కింద కనీసం అయిదేళ్లు పనిచేసి వయసు నిండి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ, జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగుతుంది. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ ఫ్యాక్టరీల్లో జీవితమంతా పనిచేసినవారిలో ఈ సంగతి తెలియనివారు ఇంకా ఉన్నారు. మందులన్నీ ఒకేచోట నుంచి, ఒకే రికార్డు మీద అందడం కూడా భద్రతే.

◆ ఎవరూ చెప్పకుండా ఏదీ ఆపకండి

ఇదంతా చదివి ఈ రాత్రి నుంచి గోలీలు మానేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. అల్ప్రజోలామ్, మెటోప్రొలాల్, స్టెరాయిడ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. వాటిని వారాల తరబడి మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. ఫార్మసిస్టు పట్టుకున్న సంగతి డాక్టరుకు చేరాలి, మార్పు డాక్టరు రాయాలి.

ఇక మీరు చేయగలిగింది ఇది. ఇంట్లో పెద్దవాళ్ల మందులన్నీ, సగం వాడినవి, చుక్కలు, లేపనాలు, పొడులతో సహా ఒక సంచిలో వేయండి. ఇటీవలి క్రియాటినిన్, షుగర్ రిపోర్టులు, పడని మందుల జాబితా జతచేయండి. రద్దీ లేని మధ్యాహ్నం వేళ మీ మెడికల్ షాపుకు వెళ్లి, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఎవరో అడిగి, "అన్నా, ఇవన్నీ ఒకసారి చూసి చెప్పు" అని కూర్చోండి. అడిగేవాళ్లు పెరిగితే చూసేవాళ్లు పెరుగుతారు. ఏ మందైనా పడలేదనిపిస్తే రోగి గానీ ఇంట్లోవాళ్లు గానీ నేరుగా ఫిర్యాదు చేయవచ్చు, డాక్టరే చేయాలని లేదు. 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం తెలుగులోనూ ఫారం ఇస్తోంది. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024.